కలుపుకూ ఒక వాము

వానాకాలంలో రెండో కలుపు తీసే రోజుల్లో తెలంగాణలో ఏ చేని గట్టు చూసినా పీకిన మొక్కల కుప్పలే. గునుగు, చెంచలి, తోటకూర, గరిక, ఊద అన్నీ కలిసిన పచ్చి కుప్పలు. వాటిలో కొంత ఆ సాయంత్రమే దొడ్డికి చేరుతుంది, మిగతాది గట్టు మీదే కుళ్లిపోతుంది. మార్చి వచ్చేసరికి అదే ఇంట్లో మేకలకు మేత ఉండదు. గడ్డి మోపులు కొనాలి, లేదా ఊరి చుట్టూ ఉన్న వేపలూ తుమ్మలూ నరికి మండలు వేయాలి. 2019 పశుగణన ప్రకారం రాష్ట్రంలో గొర్రెలు సుమారు 1.9 కోట్లు, మేకలు 49 లక్షలు. గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం మనదే. 2017లో గొల్ల కురుమలకు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచే పథకం మొదలైంది కూడా. ఇన్ని జీవాలకు సరిపడా బీడు మాత్రం ఎక్కడా కొత్తగా పుట్టలేదు. ఎండాకాలపు మేత కోసం కొత్త గడ్డి విత్తనాల వైపు చూసే ముందు, మన చేలో మొలిచి మన చేత్తోనే పీకి పారేస్తున్న కలుపును ఎండబెట్టి దాచుకోవడం మేలని నా వాదన.

ఎండు మేత దాచడం మనకు కొత్తేమీ కాదు. వరిగడ్డికీ జొన్న చొప్పకూ వాము వేయడం తరతరాల పని. అయితే వాము ఎప్పుడూ ఎడ్లకూ బర్రెలకూ దక్కింది. జీవాలకు మిగిలింది కంది పొట్టు, శనగ పొట్టు, వేరుశనగ కట్టె, తుమ్మకాయలు. పచ్చికను కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి నిలవ చేసే పద్ధతిని పట్టుదలగా నడిపింది సైన్యం. 1889లో అలహాబాద్‌లో మొదలైన మిలిటరీ ఫారాలు దేశంలోని కంటోన్మెంట్లకు పాలతో పాటు ఎండుగడ్డినీ సరఫరా చేశాయి. 2021 మార్చిలో అవి మూతపడ్డాయి. సికింద్రాబాద్‌లో మిలిటరీ డెయిరీ ఫారం రోడ్డు అనే పేరు ఇంకా ఉంది. గుర్రాల కోసం, పాడి కోసం అంత శ్రద్ధగా సాగిన పని మేకల దొడ్డి దాకా రాకపోవడానికి కారణం సాంకేతికం కాదు. మేక ఎక్కడో ఒకచోట కంప కొరికి బతికేస్తుందిలే అన్న ధీమా.

ఆ ధీమాలో కొంత నిజం లేకపోలేదు. మేక ఒకే గడ్డిని మొదలంటా మేయదు, ఆకు ఆకు ఏరుకుంటుంది. అందుకే వరిగడ్డి దానికి పనికిరాదు. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లే. కడుపులో గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు సరిగా పనిచేయాలంటే కనీసం ఏడెనిమిది పాళ్లు కావాలి. పూత దశలో కోసిన తోటకూర, చెంచలి వంటి ఆకు మొక్కలు ఈ హద్దును సులువుగా దాటతాయి. వీటిలో చాలా మొక్కలు మనమూ కూరగా వండుకునేవే. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు, విత్తకుండానే చేలో మొలిచే ఆకుకూరల విలువను ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. సికింద్రాబాద్ కేంద్రంగా మహిళా పశువైద్యులు నడిపిన ఆంత్ర సంస్థ కూడా కాపరులకు తెలిసిన మేత మొక్కల పరిజ్ఞానాన్ని నమోదు చేసింది. లెక్క కూడా భయపెట్టేది కాదు. పాతిక కిలోల మేకకు రోజుకు దాదాపు కిలో ఎండు మేత చాలు. అందులో సగం మనం దాచింది వేసినా మూడు నెలలకు 45 కిలోలు. పచ్చి కలుపులో నూటికి ఎనభై పాళ్లు నీరే కాబట్టి, తలకు రెండు వందల పాతిక కిలోల పచ్చి మోపులు ఎండితే సరిపోతుంది.

అసలు నేర్పంతా కోత దగ్గర, ఆరబెట్టడం దగ్గర ఉంది. విత్తిన మూడు వారాలకు తీసే మొదటి కలుపు లేతది, నీరు ఎక్కువ. దాన్ని పచ్చిగానే వేయడం మంచిది. నలభై రోజులు దాటాక తీసే రెండో కలుపు పూతకు వస్తుంటుంది. ఎండబెట్టడానికి ఇదే అదను. మేత పెరుగుతుంది కదా అని కలుపు తీత వాయిదా వేస్తే పంట దెబ్బతింటుంది, ఆ బేరం ఎన్నటికీ గిట్టదు. చేత్తో పీకిన మొక్కకు వేరు, వేరుకు మట్టి ఉంటాయి. దులిపితే సరిపోదు, వేరు మొదలు కోసి పారేయాలి. లేకపోతే మట్టితో పాటు బూజూ వాములోకి వస్తుంది. మొక్కలను పలచగా పరచాలి. వెన్నవెదురు వంటి నీటి కాడల మొక్క గరికతో పోలిస్తే చాలా ఆలస్యంగా ఎండుతుంది. దాన్ని విడిగా ఆరబెట్టడమో, పచ్చిగానే వేయడమో చేయాలి. తిరగేసే పని పొద్దున్నే, ఆకు కాస్త మెత్తగా ఉన్నప్పుడే కానివ్వాలి. మధ్యాహ్నపు ఎండలో కదిపితే ఆకంతా రాలి కాడలే చేతికి మిగులుతాయి. మాంసకృత్తులు ఉండేది ఆకులోనే మరి. గుప్పెడు తీసి మెలిపెడితే కాడ వంగకుండా విరగాలి. అంతవరకూ కట్ట కట్టకూడదు. తడి మిగిలితే కుప్ప లోపల వేడెక్కి బూజు పడుతుంది. బూజు పట్టిన మేత చూడి మేకలకు మరీ ప్రమాదం. వేసేటప్పుడు నేల మీద పరచకుండా కట్టను మేక మెడ ఎత్తున వేలాడదీయాలి. తొక్కిన మేతను మేక ముట్టదు, నేల మేత నుంచి పురుగులు సోకే బెడదా తగ్గుతుంది. తినేదానికన్నా కొంచెం ఎక్కువే వేసి, వదిలేసిన కాడలను పెంట మీదికి తోయాలి. మొత్తం తినాలని బలవంతపెడితే ఏరుకునే గుణం వల్ల వచ్చే లాభమంతా పోతుంది.

అభ్యంతరాల్లో గట్టిది విషం గురించి. కలుపులో వయ్యారిభామ ఉండొచ్చు, ఉమ్మెత్త ఉండొచ్చు, గట్టు మీది లాంటానా కలవొచ్చు. పచ్చిగా ఉన్నప్పుడు మేక వీటిని వాసనతోనే వదిలేస్తుంది. ఎండి, నలిగి, కలిసిపోయాక ఆ ఏరివేత కష్టం. లాంటానా విషం ఎండినా పోదు. కాబట్టి ఏరవలసింది మనిషి, అదీ పరచకముందే. ఎరువు దండిగా వేసిన చేలో తోటకూర జాతి మొక్కల్లో నైట్రేటు పేరుకుంటుంది, అది ఎండబెడితే తగ్గేది కాదు. అలాంటి చేని కలుపును వేరే మేతతో కలిపి కొద్దికొద్దిగానే వేయాలి. జొన్న పిలకల నాము సంగతి వేరు. ఆ విషం బాగా ఆరితే చాలావరకు తగ్గుతుంది. ఈ తేడాలు తెలియకుండా కలుపంతా విషమనడం ఎంత తప్పో, కలుపంతా మందనడమూ అంతే తప్పు.

పెంటతో పాటు కలుపు విత్తనం మళ్లీ చేలోకి వస్తుందనే రైతు భయమూ న్యాయమైనదే. గట్టి పొట్టు గింజలు కొన్ని మేక కడుపు దాటి కూడా మొలుస్తాయి. అయితే గింజ పట్టకముందే కోయడమే మంచి మేతకూ తొలి షరతు. పెంటను బాగా మాగనిచ్చాకే చేలో చల్లితే మిగిలిన బెడదా చాలావరకు పోతుంది. గట్టు మీద కుళ్లేందుకు వదిలిన గునుగు గింజ రాల్చదా ఏం? ఇక కూలి ఖర్చు సంగతి. కలుపు తీయడానికి కూలి ఎలాగూ ఇస్తున్నాం. అదనంగా పడేది ఆరబెట్టడం, మోయడం, వాన వస్తే కప్పడం. ఈ చివరిదే నిజమైన చిక్కు. హైదరాబాద్ ప్రాంతంలో వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది, కలుపు పెరిగేదీ అప్పుడే. రెండు మూడు రోజుల తెరిపి దొరికినప్పుడే కోయాలి, దొరక్కపోతే పచ్చిగా వేసేయాలి. వానలు వెనక్కి తగ్గాక గట్ల మీది గడ్డి అదృష్టవశాత్తూ ఇంకా పచ్చగానే ఉంటుంది. ఒక ఏడాది మొత్తం నిలవ దాని నుంచే రావచ్చు.

అల్వాల్, మల్కాజిగిరి, సైనిక్‌పురి వైపు ఖాళీ ప్లాట్లలో వానలకు నడుమెత్తు పెరిగే పచ్చదనం చూస్తే, బోనాలకో బక్రీదుకో ఇంట్లో మేకను పెంచేవారికి ఆశ పుట్టడం సహజం. ఇక్కడ మాత్రం నేను వెనక్కి లాగుతాను. అలాంటి చోట్ల వయ్యారిభామ ఎక్కువ, ప్లాస్టిక్ ఇంకా ఎక్కువ. నగరం దిగువన మూసీ మురుగునీటితో పెరిగే పారా గడ్డి ఏళ్లుగా పట్నపు పాడి పశువులకు మేతగా అమ్ముడవుతోంది. ఆ నీటిలోని లోహాలు గడ్డిలోకి, పాలలోకి చేరే ప్రమాదంపై పరిశోధకులు చాలాకాలంగా హెచ్చరిస్తున్నారు. నాలా పక్కన, రోడ్డు వారన కోసిన గడ్డికీ ఆ అనుమానం తప్పదు. ఎండబెట్టినకొద్దీ నీరు పోతుంది తప్ప లోహం పోదు. కలుపు మందు కొట్టిన చేనిదీ ఇదే కథ. పత్తి, మొక్కజొన్న చేలలో మందు వాడకం పెరిగినకొద్దీ దాచుకోదగిన కలుపు తరిగిపోతోంది. మందు చల్లిన మడి ఏదో, చల్లనిది ఏదో తెలిసేది సాగు చేసుకునేవారికే. అందువల్ల ఈ మేతను బయట కొనడం కన్నా సొంత చేలోనో, పెరట్లోనో, అడిగి తెలుసుకోగల పొరుగువారి పొలంలోనో సంపాదించుకోవాలి.