దుమ్ములో సాలు

వేరుశెనగ పీకేసిన చేనులో గోల్ఫు కర్ర తిప్పుతానంటే మా ఇంట్లోవాళ్ళే నవ్వారు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే అనంతపురంలో పచ్చిక ఎక్కడిది? ఆడడానికి ఆ చేను పనికిరాదు, నిజమే. కానీ బంతి కుడికి వంగిపోయే జబ్బును, అంటే స్లైస్‌ను, పట్టుకోవడానికి అంతకంటే మంచి చోటు నాకు దొరకలేదు.

నా బంతులు కాస్త ఎడమగానే బయల్దేరి, సగం దూరం పోయాక బుద్ధి మారినట్టు కుడివైపు కంపచెట్లలో పడేవి. గొర్రెలు తోలుకొచ్చిన పెద్దాయన ఒకరోజు చూసి, "ఏమప్పా, గాలన్నా లేదు, అట్ల వంకర పోతాదేమి?" అన్నాడు. అందరూ చేసేదే నేనూ చేశాను: కుడికి పోతోంది కదా అని ఇంకా ఎడమకు గురిపెట్టాను. ఇంకా వంగింది. జ్వరమొస్తే మంచం తిప్పి వేసుకున్నట్టు.

కర్ర తల బంతిని అంటి ఉండేది సెకనులో సుమారు రెండువేలో వంతు. అప్పుడు చూడాల్సినవి రెండే: కర్ర ముఖం ఎటు చూస్తోంది, కర్ర ఎటు పోతోంది. బంతి చాలావరకు ముఖం చూసినవైపే బయల్దేరుతుంది. కర్ర దారి దానికంటే ఎడమకుంటే, కుడిచేతివాటం వాళ్ళకు బంతి ఒరిగి తిరుగుతూ కుడికి వంగుతుంది. ఎడమకు గురిపెట్టిన కొద్దీ దారి ఎడమకు జరుగుతుంది, ముఖం మాత్రం ఆ దారికంటే కుడికే తెరుచుకుని ఉంటుంది. తేడా పెరిగిందే తప్ప తగ్గలేదు. తిరిగే బంతి వంగుతుందని న్యూటన్ 1672లోనే టెన్నిస్ బంతిని ఉదాహరణగా చూపి రాశాడు. మా ఊరి సేవాసంస్థ ఆర్.డి.టి.లో 2010లో నడాల్ ఫౌండేషన్ చేయూతతో మొదలైన టెన్నిస్ కేంద్రానికి వెళ్తే, ముఖం తెరిచి బంతిని కోసే అదే స్లైస్ అక్కడ ఒక విద్య. నా చేనులోనే అది రోగం.

ఏడో నంబరు ఐరన్‌తో, బంతి లేకుండా, నేల రాసుకునేలా ఊపితే దుమ్ములో గీత పడుతుంది. వేపచెట్టు వైపు తాడు లాగి చూస్తే, నా గీత తాడును అడ్డంగా కోసి ఎడమకు పోయింది. పెద్దాయన వంగి చూశాడు. "సాలు వంకరొచ్చింది. మేడి ఎట్ల పడితే అట్ల పోతాది."

పట్టు దగ్గరే మొదలుపెట్టాను. ఎడమచేతిని కొద్దిగా కుడికి తిప్పి, కర్రను అరచేతిలో కాక వేళ్ళలో ఉంచి, పైనుంచి రెండు మూడు కణుపులు కనిపించేలా పట్టుకోవాలి. బిగించకూడదు, బిగిస్తే మణికట్టు కదలక ముఖం మూసుకోదు. ఇక్కడొక తిరకాసుంది. బెన్ హోగన్ 1957లో తెచ్చిన 'ఫైవ్ లెసన్స్' చదివి చాలామంది ఆయన పట్టు నేర్చుకున్నారు. ఆయన బాధ ఎడమకు వంగే హుక్. ఆయన మందు మనం వేసుకుంటే మన రోగం ముదురుతుంది. పుస్తకం గొప్పదే, రోగులం మనం వేరు.

రెండోది దారి. పాత చెప్పొకటి బంతికి అవతలిపక్క, జానెడు దూరంలో, కాస్త వెనగ్గా పెట్టాను. కుడిభుజం తొందరపడి ముందుకు తోసుకొస్తే కర్ర బయటినుంచి దిగి చెప్పును ఎగరగొడుతుంది. మొదటి వారం చెప్పే ఎక్కువ దూరం పోయింది. నడుము ముందు కదిలి, భుజాలు కాసేపు ఆగితే కర్ర లోపలినుంచి వస్తుంది. సగం ఊపుతో, నెమ్మదిగా. బంతి వంగకుండా చేస్తామని అమ్మే ఖరీదైన డ్రైవర్ కర్రల మీద నాకు నమ్మకం లేదు. రెండు రూపాయల సున్నంతో చెట్టువైపు గీసిన గీత నాకు అంతకంటే ఎక్కువ నేర్పింది.

ఆషాఢం వచ్చింది, వాన రాలేదు, చేను బీడుగానే ఉంది. రామగిరి గుట్టల మీద గాలిమరలు తిప్పే గాలి ఇక్కడా వీస్తోంది. ఎదురుగాలిలో చిన్న వంకర కూడా పెద్దదవుతుంది. గీత తాడు పక్కనే నేరుగా పడింది. బంతి పెట్టి కొట్టాను. వేపచెట్టు దాకా చక్కగా పోయి, చివర్లో కొంచెం కుడికి జరిగింది. పెద్దాయన తలపాగా సర్దుకుంటూ, "ఈ తూరి గాలుందిలేప్పా" అన్నాడు.