సున్నం ఇమడని గడి

పదో తరగతి పరీక్షల కోసం తయారయ్యే నమూనా ప్రశ్నపత్రాలలో ఏటా తప్పకుండా కనిపించే “కింది చర్య ఏ రకానికి చెందినది?” అనే ఒక మార్కు ప్రశ్న ఈ వారం మళ్లీ ఎదురైంది. సంయోగం, వియోగం, స్థానభ్రంశం, ద్వంద్వ వియోగం అనే నాలుగింటిలో ఒక పేరును సమీకరణం పక్కన రాస్తే మార్కు దక్కుతుంది కాని, ఏ పదార్థం ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోయిందో విద్యార్థికి తెలిసినట్లు దానివల్ల రుజువు కాదు. రసాయన శాస్త్ర బోధన త్రాసుతో మొదలు కావాలన్న ఈ శీర్షిక పాత పట్టుదలను ఎరిగిన పాఠకులకు ఈ అసంతృప్తి కొత్తది కాబోదు.

ఉదాహరణకు సున్నాన్నే చూద్దాం. పల్నాడులోని పిడుగురాళ్ల బట్టీలలో సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చినప్పుడు, అది పొడిసున్నంగానూ కార్బన్ డయాక్సైడ్‌గానూ విడిపోతుంది. ఒక పదార్థం ఇలా రెండో మూడో పదార్థాలుగా విడిపోవడమే వియోగం. 100 గ్రాముల స్వచ్ఛమైన రాయిలో 56 గ్రాముల సున్నమే మిగిలి, తక్కిన 44 గ్రాములు గాలిలో కలిసిపోతాయి. బట్టీ నుంచి దించిన ఆ తెల్లని గడ్డపై నీళ్లు చల్లితే, అది కాసేపటికి నెర్రెలు విచ్చి, బుసబుసమని ఆవిరి చిమ్ముతూ ఉబ్బి, మెత్తని పిండిగా, అంటే తడిసున్నంగా, రాలుతుంది. రెండు పదార్థాలు కలిసి ఒకటయ్యే సంయోగాన్ని, అందులో వేడి వెలువడే తీరును ఇంతకంటే స్పష్టంగా చూపే చర్య అరుదు.

చర్మాన్ని సైతం కాల్చే ఈ గుణం పొడిసున్నానికి బట్టీలోని అగ్నిని తనలో ఇముడ్చుకోవడం వల్ల వచ్చిందని 18వ శతాబ్దం నడిమి వరకు ఐరోపాలో పలువురు పండితులు నమ్మారు. మూత్రాశయంలోని రాళ్లను కరిగించే మందు కోసం వెదుకుతూ ఈ దారి పట్టిన రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్, 1756లో ప్రకటించిన పరిశోధనలో ఆ నమ్మకాన్ని త్రాసులో పెట్టి తూచాడు. కాలినప్పుడు రాయి తనలోని ఒక వాయువును కోల్పోతున్నదని, కాల్చిన సున్నాన్ని పొటాషియం కార్బొనేట్ వంటి క్షారంతో కలిపితే ఆ వాయువు తిరిగి చేరి, దాదాపు మొదటి బరువుతో సుద్ద వస్తున్నదని ఆయన చూపాడు. రెండు సమ్మేళనాలు తమ భాగాలను ఇచ్చిపుచ్చుకునే ఈ చర్యను నేటి పాఠ్యపుస్తకం ద్వంద్వ వియోగం అంటుంది. బ్లాక్‌కు ఆ పేరుతో పని పడలేదు. అటువంటప్పుడు పిల్లలకు మాత్రం ఈ పేర్లు ఎందుకన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది.

అయితే గోడకు పూసిన సున్నం ఈ వాదాన్ని అంత తేలికగా సాగనివ్వదు. 74 గ్రాముల తడిసున్నం గాలి నుంచి 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని, 100 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతూ 18 గ్రాముల నీటిని వదులుతుంది. వచ్చినవి రెండు పదార్థాలు గనుక ఇది సంయోగం కాదు. మైలుతుత్తం ద్రావణంలో వేసిన ఇనుపమేకు రాగిని నెట్టివేసి దాని చోట తాను చేరినట్లు ఒక మూలకం మరొకదాన్ని తప్పించలేదు గనుక స్థానభ్రంశమూ కాదు. ద్వంద్వ వియోగంలోనూ సరిగా ఒదగదు. కార్బన్ డయాక్సైడ్ ఆమ్ల స్వభావం గలది, తడిసున్నం క్షారం. కాబట్టి ఇది తటస్థీకరణం, అంటే ఆమ్ల, క్షార గుణాలు పరస్పరం చల్లారే చర్య. 1591 నాటి చార్మినార్ సున్నపు గచ్చు గట్టిపడిందీ ప్రధానంగా ఈ చర్యతోనే.

నాలుగు గడులూ తెలిసిన విద్యార్థికే ఈ ఇమడనితనం కంటబడుతుంది. తెలియని వాడు సున్నం ఆరిందనుకుని ముందుకు సాగిపోతాడు. కనుక ఆ పేర్లు పాఠంలో ఉండవలసిందే, ఒక మార్కు ప్రశ్నా ఉండవచ్చు. అయితే దాని పక్కన ఈ గోడ సమీకరణాన్ని కూడా ఇచ్చి, ఇది ఏ గడిలోనూ ఎందుకు చేరదో రాయమని అడిగి, దానికి నాలుగు మార్కులు కేటాయించాలి.