ఆగిన బండి, తిరిగిరాని విమానం

డేవీ జి. జాన్సన్ అమెరికాలో 'కార్ అండ్ డ్రైవర్' పత్రికకు వాహనాల గురించి రాసేవాడు. 2019 జూన్ 5న ఒంటరిగా మోటార్‌సైకిల్ మీద ప్రయాణిస్తూ, కాలిఫోర్నియాలో 49వ నంబరు హైవే పక్కన, మొకాలమీ నది దగ్గర ఆగాడు. అక్కణ్నుంచి ఒక మెసేజ్ పంపాడు. ఆ తర్వాత కబురు లేదు. వెతకబోయినవాళ్లకు బండి ఆపినచోటే కనిపించింది. సామాను నది దగ్గర దొరికింది. రెండు వారాలు దాటాక నీళ్లలో మృతదేహం దొరికింది.

దానికి 75 ఏళ్ల ముందు, 1944 జులై 31న, మరో రచయిత కార్సికా దీవి నుంచి ఒక్కడే విమానంలో బయల్దేరాడు. ఆయన సంగతి తెలుగు పాఠకుడికి కొత్తగా చెప్పనక్కర్లేదు. 'లిటిల్ ప్రిన్స్' చదివిన ప్రతి ఇంట్లోనూ ఆంత్వాన్ ద సాంత్ ఎగ్జూపెరీ పేరు తెలుసు, ఆయన తిరిగిరాలేదన్న సంగతీ తెలుసు.

ఈ ఇద్దరినీ ఒకచోట చేర్చడం కొందరికి అతిగా తోచవచ్చు. ఒకడు నవలాకారుడు, అకాడెమీ బహుమతి అందుకున్నవాడు. రెండోవాడు పత్రికల్లో బండ్లను సమీక్షించేవాడు. కానీ వాళ్ల వృత్తిని దగ్గరగా చూస్తే ఇద్దరిదీ ఒకే పని. యంత్రం మీద ఒంటరిగా వెళ్లడం, ఆ యంత్రం తమ ఒంటికి ఏం చెప్పిందో వాక్యంలో పెట్టడం. నాకు ఇద్దరి పద్ధతీ ఇష్టమే. ఎవరిది ఎక్కువ, ఎవరిది తక్కువ అని తూచే ఉద్దేశం లేదు.

ఎగ్జూపెరీ 1926లో టపా విమానాల కంపెనీలో చేరాడు. తూలూజ్ నుంచి డకార్ దాకా ఉత్తరాల సంచులు మోశాడు, సహారా అంచున కేప్ జూబీలో స్టేషన్ అధికారిగా ఉన్నాడు. టపా పైలట్‌గా ఆయన అనుభవం 1931 నాటి 'రాత్రి విమానం' నవలలోనూ, 1939లో వచ్చిన 'మనుషుల భూమి'లోనూ ఉంది. వాటిలో విమానం గురించి సాంకేతిక వివరం చాలా తక్కువ. ఇంజన్ చప్పుడులో తేడా వస్తే పైలట్ వెన్నులో ఏం జరుగుతుందో చెబుతాడు కానీ ఆ ఇంజన్ శక్తి ఎంతో చెప్పడు. యంత్రాన్ని దాటి మనిషి దగ్గరికి వెళ్లడమే ఆయన తొందర.

మోటారు విలేఖరికి ఆ వెసులుబాటు లేదు. నిలుచున్న చోటు నుంచి గంటకు 60 మైళ్ల వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు, బ్రేకు వేస్తే ఎన్ని అడుగుల్లో ఆగింది, ధర ఎంత, ఇవి చెప్పకపోతే పాఠకుడు ఊరుకోడు. మన పత్రికల్లో బండి సమీక్ష అంటే ఇప్పటికీ మైలేజీ, ధర, రంగుల దగ్గరే ఆగిపోతుంది. అమెరికా పత్రికల్లో మాత్రం ఈ అంకెల మధ్యనే ఒక సాహిత్య ప్రక్రియ పెరిగింది. జాన్సన్ ఆ ప్రక్రియలో పెరిగినవాడే. బండి గురించి మొదలుపెట్టి సంగీతంలోకో, ఊరి చరిత్రలోకో దారి మళ్లి మళ్లీ బండి దగ్గరికి రావడం ఆయన అలవాటు. ఎగ్జూపెరీ యంత్రాన్ని వదిలి మనిషిని చేరుకుంటే, జాన్సన్ యంత్రాన్ని వదలకుండానే అక్కడికి చేరాడు. ఈ రెండో పని తేలికని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

తేడా ఇంకొకటి ఉంది. నా మటుకు అదే ముఖ్యం. ఎగ్జూపెరీ గాలిలో ఉండగానే చదివేవాడని, చేతిలోని నవల పూర్తికాలేదని దిగకుండా విమానాశ్రయం మీద చక్కర్లు కొట్టాడని ఆయన సహచరులు చెప్పుకునేవారు. కాక్‌పిట్‌లో మోకాలి మీద కాగితం పెట్టుకుని నాలుగు ముక్కలు రాసుకోవచ్చు. మోటార్‌సైకిల్ మీద అలా కుదరదు. రెండు చేతులకూ, రెండు కాళ్లకూ పని ఉంటుంది. హెల్మెట్‌లో గాలి హోరు. మలుపులో తట్టిన మంచి వాక్యాన్ని మనసులో పట్టుకుని పది మైళ్లు మోయాలి. తర్వాత ఎక్కడో పక్కకు తీసి, స్టాండు వేసి, గ్లవ్స్ విప్పి, హెల్మెట్ ట్యాంకు మీద పెట్టి అప్పుడు రాసుకోవాలి. అంటే పైలట్ ప్రయాణంలోనే రచయిత, రైడరు మాత్రం ఆగినప్పుడే రచయిత. రోడ్డు పక్క విశ్రాంతి స్థలమే అతని రాతబల్ల.

అందుకే ఈ రెండు అదృశ్యాలూ ఒకటి కావు. ఎగ్జూపెరీ పనిలో ఉండగా పోయాడు. అవి యుద్ధం రోజులు, ఆయన నడిపింది పి-38 లైట్‌నింగ్ రకం నిఘా విమానం. ఫొటోల కోసం తుపాకులు తీసేసి ముక్కులో కెమెరాలు పెట్టినది. దాన్ని నడిపేవారికి పెట్టిన వయసు పరిమితి ఆయన ఎప్పుడో దాటాడు, అప్పటికి ఆయనకు 44. పాత ప్రమాదాల గాయాల వల్ల పైలట్ దుస్తులు ఒకరు తొడగాల్సి వచ్చేది. శత్రు విమానాన్ని చూడటానికి ఎడమవైపు మెడ తిరిగేది కాదు. ఐదుసార్లు ఎగరడానికే అనుమతి ఇచ్చారు, ఆ లెక్క దాటిపోయింది. ఇంత తెలిసీ ఎక్కాడు కాబట్టి ఆయన మరణంలో ఆయన ఎంపిక కొంత ఉందనిపిస్తుంది. జాన్సన్ కథలో అటువంటి ఎంపిక ఏదీ లేదు. దారిలో ఆగాడు, అంతే. ఆ శీతకాలం సియెర్రా నెవాడా కొండల మీద మంచు విపరీతంగా పడింది. జూన్‌లో అది కరిగి నదులన్నీ నిండుగా, ఒళ్లు కొంకర్లు పోయే చల్లదనంతో పరుగెడుతున్నాయి. బంగారం వేటగాళ్ల పాత ఊళ్ల మధ్య సాగే ఆ 49వ నంబరు రోడ్డు మీద వేసవి ఎండలో వచ్చినవాడికి ఆ నీళ్లు ఎంత ఆహ్లాదంగా కనిపిస్తాయో, లోపల అంత ప్రమాదం.

పోలిక మళ్లీ యంత్రం దగ్గరే కలుస్తుంది. ఎగ్జూపెరీతోపాటు విమానమూ మాయమైంది. 1998లో మార్సెయ్ దగ్గర ఒక జాలరి వలలో వెండి చేతిగొలుసు పడింది. దాని మీద ఆయన పేరు, భార్య కాన్స్యూలో పేరు, 'లిటిల్ ప్రిన్స్' అచ్చువేసిన న్యూయార్క్ ప్రచురణ సంస్థ చిరునామా ఉన్నాయి. 2000లో ఒక గజ ఈతగాడు సముద్రగర్భంలో శకలాలు చూశాడు. 2003లో వాటిని పైకి తీస్తే ఒక ముక్క మీద తయారీ నంబరు 2734 కనిపించింది. దాంతో మరుసటి ఏడాది అది ఆయన విమానమేనని తేలింది. అలాగే జాన్సన్ విషయంలోనూ ముందు సాక్ష్యం చెప్పింది బండే. కాకపోతే అది చెక్కుచెదరకుండా, స్టాండు మీద, మళ్లీ బయల్దేరడానికి సిద్ధంగా నిలబడి చెప్పింది. జీవితమంతా బండిలో తప్పొప్పులు వెతికినవాడి విషయంలో బండి తప్పు ఏమీ లేదు.

పాఠకులు ఈ రెండింటినీ సమానంగా తీసుకోలేదు. ఎగ్జూపెరీ పోగానే ఆయన పుస్తకాలన్నీ వెనక్కి తిరిగి ఆ చివరి విమానాన్ని సూచిస్తున్నట్టు చదవడం మొదలైంది. 'లిటిల్ ప్రిన్స్' ముగింపును ఆయన రాసుకున్న వీలునామాలా చూసినవాళ్లున్నారు. 2008లో ఒక మాజీ జర్మన్ పైలట్ ఆ విమానాన్ని కూల్చింది తానేనన్నాడు. ఆనాటి రికార్డుల్లో దానికి ఆధారం దొరకలేదు, అయినా దంతకథకు మరో అధ్యాయం చేరింది. పుస్తకాలను ఇలా చదవడం నాకు నచ్చదు. 1943లో అచ్చయిన పుస్తకానికి 1944 సంగతి ముందే తెలుసుననుకోవడం రచనకు అన్యాయం. జాన్సన్ రాసిన పాత సమీక్షల్లో నీళ్ల ప్రస్తావన వెతకడమూ అంతే తప్పు.

అదృశ్యం అంటే ఏమిటో ఎగ్జూపెరీయే ఒకచోట రాశాడు. 1930 జూన్‌లో ఆయన మిత్రుడు ఆన్రీ గియోమే ఆండీస్ పర్వతాల్లో తప్పిపోయాడు. ఎగ్జూపెరీ ఆ కొండల మీద విమానంలో రోజుల తరబడి వెతికాడు, జాడ దొరకలేదు. గియోమే ఐదు పగళ్లు, నాలుగు రాత్రులు మంచులో నడిచి బయటపడ్డాడు. మధ్యలో ఒకచోట పడిపోయి, ఇక లేవకూడదనుకున్నాడు. అప్పుడు భార్యకు రావలసిన బీమా డబ్బు గుర్తొచ్చింది. శవం దొరక్కపోతే చట్టప్రకారం మరణం ఖాయం కావడానికి నాలుగేళ్లు పడుతుంది. ఎదురుగా ఒక బండరాయి ఉంది. అక్కడిదాకా వెళ్లి ఆనుకుంటే వేసవిలో కనబడతానని లేచాడు. లేచినవాడు నడుస్తూనే పోయాడు. 'మనుషుల భూమి'లో నేను మళ్లీ మళ్లీ చదివేది ఈ ఘట్టమే. వీరత్వం మాట పక్కన పెట్టి, పోయినవాడు దొరకడం ఇంట్లోవాళ్లకు ఎంత అవసరమో చెప్పింది అది. ఆ గియోమే కూడా 1940లో మధ్యధరా సముద్రం మీద విమానం కూలి చనిపోయాడు.

జాన్సన్ కోసం మిత్రులు, తోటి విలేఖరులు, అతని మనుషులు ఆ రెండు వారాలూ గడిపింది సరిగ్గా ఈ బాధలోనే. వాళ్లకు జవాబు త్వరగా దొరికింది, కాబట్టే దంతకథ పుట్టలేదు, దాని మీద పుస్తకాలూ రాలేదు. ఎగ్జూపెరీ పేరు అదృశ్యంతో మరింత పెరిగింది, కానీ ఆ పేరుకు మూల్యం చెల్లించినవాళ్లు ఇంట్లో ఉన్నారు. ఆయన తల్లి 1972లోనూ, కాన్స్యూలో 1979లోనూ చనిపోయారు. ఆయన ఎక్కడ పడిపోయాడో ఇద్దరికీ చివరిదాకా తెలియలేదు.