నిండిన మూత్రాశయం, తప్పుకునే పేగు

పొత్తికడుపుకు కరెంటు (రేడియేషన్) పెట్టినప్పుడు కిరణాలు గడ్డతోపాటు చుట్టూ ఉన్న పేగునూ తాకుతాయి. గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కు బయటి నుంచి ఇచ్చే మోతాదు మామూలుగా 45 నుంచి 50 గ్రే (రేడియేషన్ కొలత). వారానికి అయిదు రోజుల చొప్పున అయిదారు వారాలు పడుతుంది. చిన్నపేగు లోపలి పొర మూడు నుంచి అయిదు రోజుల్లో కొత్తదవుతుంది. అంత వేగంగా పుట్టే కణాలకే ముందు దెబ్బ తగులుతుంది గనుక రెండో మూడో వారంలో విరేచనాలు పట్టుకుంటాయి. చికిత్స అయ్యాక కొన్ని వారాల్లో చాలామందికి అవి సర్దుకుంటాయి. భయపడాల్సింది నెలలు, ఏళ్లు గడిచాక వచ్చేదానికి. సన్నటి రక్తనాళాలు పూడి, పేగు గోడ గట్టిపడి, దారి ఇరుకవుతుంది. కొందరికి రక్తం పడుతుంది.

చిన్నపేగు ఒకచోట నిలకడగా ఉండదు. దాన్ని కాపాడే మొదటి ఉపాయం ఆ కదలిక మీదే ఆధారపడింది. మూత్రాశయం నిండితే ఉబ్బి, పేగును పైకి నెడుతుంది. అందుకే చికిత్సకు ముందు తీసే ప్లానింగ్ స్కాన్ రోజున మూత్రం పోసి రమ్మని, అర లీటరు దాకా నీళ్లు తాగించి, ముప్పావుగంటో గంటో కూర్చోబెడతారు. కొలత ఆసుపత్రిని బట్టి మారుతుంది. ఏదైనా, ఆ రోజున్నంత నిండుగానే చివరి రోజు దాకా ఉండాలి. ఇంత చౌకైన రక్షణ మరొకటి లేదు.

కంభం, గిద్దలూరు వైపు ఆడవాళ్లకు కష్టమంతా ఇక్కడే. రేడియేషన్ కోసం గుంటూరో కర్నూలో హైదరాబాదో పోవాలి. దారిలో మరుగుదొడ్డి దొరకదని బస్సెక్కే ముందే నీళ్లు మానేయడం ఏళ్ల అలవాటు. అలా ఒళ్లు ఎండి వచ్చిన మనిషి అప్పటికప్పుడు అర లీటరు తాగినా గంటలో మూత్రాశయం నిండదు. ముందురోజు నుంచే కొంచెం కొంచెం తాగుతూ రావాలి. వీలుంటే చికిత్స జరిగినన్నాళ్లు ఆసుపత్రి దగ్గరే ఉండాలి. ఎందుకో చెప్పకుండా ‘ఆపుకోండమ్మా’ అని ఊరుకుంటే తప్పు చెప్పినవాళ్లదే.

గర్భసంచి తీయించుకున్నవారిలో చిక్కు ఇంకా ఎక్కువ. ఖాళీ అయిన చోటికి పేగు జారుతుంది, ఒక్కోసారి అతుక్కుపోతుంది. అతుక్కున్న పేగును నీళ్లు జరపలేవు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందుంది. రక్తస్రావమని, ముందు పరీక్ష చేయకుండానే గర్భసంచి తీసేస్తే, కేన్సరున్న సంగతి బయాప్సీ రిపోర్టు వచ్చాక బయటపడటమూ ఉంది. అప్పుడు ఆ జారిన పేగు మీదుగానే కరెంటు పెట్టాల్సి వస్తుంది.

అక్కడ ఐఎంఆర్‌టీ అక్కరకొస్తుంది. కిరణాల తీవ్రతను ముక్కముక్కకూ మారుస్తూ, మోతాదును పేగు చుట్టూ వంచే పద్ధతి ఇది. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు ఆపరేషన్ అయిన 300 మంది గర్భాశయ ముఖద్వార కేన్సర్ రోగులపై చేసిన పరిశోధన 2021లో అచ్చయింది. మూడేళ్లకు చెప్పుకోదగ్గ పేగు సమస్యలు పాత పద్ధతిలో 42 శాతం మందికి వస్తే, రోజూ స్కాన్‌తో సరిచూసుకుంటూ ఇచ్చిన ఐఎంఆర్‌టీలో 21 శాతం మందికే వచ్చాయి. కేన్సర్ అదుపులో తేడా లేదు.

తిండి విషయంలో పీచు పూర్తిగా మానమనే పాత సలహా ఇప్పుడు నిలవడం లేదు. లండన్ రాయల్ మార్స్‌డెన్ ఆసుపత్రి పరిశోధనలో పీచు ఎక్కువ తిన్నవారికే పేగు బాధలు తక్కువయ్యాయి. పాలు పడకపోతే కొన్నాళ్లు ఆపాలి. విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ తాగుతూ చికిత్స చేసే డాక్టరుకు చెప్పాలి; ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే యాంటీబయాటిక్ దీనికి మందు కాదు.

ఏళ్ల తర్వాత మలంలో రక్తం కనబడితే చాలామంది మొలలనుకుని నాటుమందుకు పోతారు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా రేడియేషన్ పెట్టించుకున్న సంగతి ముందు చెప్పి, డిశ్చార్జి కాగితం చూపాలి. కిరణాలు తగిలిన పురీషనాళపు గోడ నుంచి అనవసరంగా ముక్క తీస్తే పుండు మానకపోవచ్చు, రంధ్రమూ పడవచ్చు.