యవసురకు ముందుమాట

బీరు వంటి పానీయానికి చరిత్ర వ్రాయబూనడమే మన పండితలోకంలో కొందరికి అనౌచిత్యంగా తోచవచ్చు. కాని ధాన్యాన్ని మొలకెత్తించి, ఎండబెట్టి, నలగగొట్టి, వేడినీట నానవేసి, ఆ తియ్యని రసాన్ని పులియబెట్టే విద్య ప్రాచీన నాగరికతల జీవనంతో ఎంతగా పెనవేసుకొన్నదో ఎరిగినవారికి ఇటువంటి గ్రంథం తెలుగున వెలువడడం సంతోషదాయకం. చిరంజీవి గ్రంథకర్త పరిశ్రమ ప్రతి ప్రకరణంలోనూ ద్యోతకమవుతున్నది.

సుమేరీయులు ఈ విద్యకు నిన్‌కాసి అనే దేవతను అధిష్ఠాత్రిగా నిలుపుకొన్నారు. క్రీ.పూ. 1800 ప్రాంతపు మట్టిపలకల మీద లభించిన ఆమె స్తోత్రంలో భక్తితో పాటు పాకక్రమమూ ఇమిడి ఉన్నది: మొలకధాన్యాన్ని కుండలో నానవేయడం, ఉడికిన ముద్దను రెల్లుచాపల మీద పరచి ఆరబెట్టడం, వడగట్టిన పానీయాన్ని తొట్టిలోకి పారించడం. హమ్మురాబి ధర్మశాసనమైతే పానశాల నడిపే స్త్రీనే ప్రత్యేకంగా పేర్కొని, వెలలో మోసగిస్తే నీటిలో పడవేయమన్నది. పాలకులకు ఈ వృత్తి మీద ఎంత గౌరవమో అంత అనుమానం!

నన్ను మిక్కిలి ఆకట్టుకొన్నది ఈస్టును గూర్చిన ప్రకరణం. 1516 ఏప్రిల్ 23న ఇంగోల్‌స్టాట్‌లో వెలువడిన బవేరియా శాసనం బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేదీ కూడదన్నది గాని, ఆ రసాన్ని పులియజేసే ఈస్టు పేరైనా ఎత్తలేదు. దాని స్వరూపం తెలియకపోయినా, తొట్టి అడుగున మిగిలిన మడ్డిని మరుసటి కాపుకు భద్రపరచుకొంటూ ఎన్నో తరాల పనివారు ఆ జీవాన్ని పోషించుకొని వచ్చారు. లూయీ పాశ్చర్ 1876లో బీరుపై తన గ్రంథాన్ని ప్రకటించి పులియడం సూక్ష్మజీవుల పని అని విశదీకరించగా, 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుండి శుద్ధమైన ఈస్టును పెంచి చూపాడు. ఆ సంస్థాధిపతి యాకబ్‌సెన్ దానిని దాచుకోక తక్కిన బీరు తయారీదారులకు కూడా ఉదారంగా అందించాడు. శాస్త్రజ్ఞుల యశస్సు వర్ణిస్తూనే వారికి పూర్వులైన అనామక శ్రామికుల ఋణాన్ని విస్మరించకపోవడం ఈ రచయిత సంస్కారానికి నిదర్శనం.

ఒక్క కొరత చెప్పక తప్పదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని విధులు నిర్దేశిస్తూ, మేదకమనే సురకు ద్రోణం నీరు, అర్ధాఢకం బియ్యం, మూడు ప్రస్థాల కిణ్వం అని కొలతలు కూడా ఇచ్చాడు. ఆ ప్రకరణంతో తులనాత్మక పరిశీలన చేసి ఉంటే గ్రంథగౌరవం ఇనుమడించేది. మలికూర్పులో ఆ లోటు తీర్చవలసిందిగా గ్రంథకర్తను కోరుతున్నాను. పాఠకులు మాత్రం అందాకా ఆగక, ఈస్టు ప్రకరణాన్నే ముందుగా చదివి, తరువాత మొదటి పుటకు రావలసిందని నా మనవి.