ఱెక్కలపై మోసిన దేవుఁడు : రెండు హెబ్రీ వాక్యముల పరిశీలనము

యెహోవా తన ప్రజను దాస్యమునుండి విడిపించి పోషించిన తీరును వర్ణించుటకు హెబ్రీ గ్రంథకర్తలు కాపరి, తండ్రి, శిల, కోట మున్నగు పెక్కు చిత్రములను గైకొనిరి. వానిలోఁ బక్షిచిత్రము రెండు ప్రధానస్థలములఁ గానవచ్చుచున్నది. నిర్గమకాండము 19వ అధ్యాయము 4వ వచనము మొదటిది. ద్వితీయోపదేశకాండము 32వ అధ్యాయమున మోషే పాడిన గీతములోని 11వ వచనము రెండవది. వ్యాఖ్యాతలు పలువురు వీనిని సమానార్థకములుగాఁ గలిపి చెప్పుదురు. అలంకారదృష్టితోఁ జూచినచో నివి భిన్నములు. వీని ప్రయోజనములును భిన్నములే.

ఇశ్రాయేలీయులు ఐగుప్తును విడిచిన మూఁడవ నెలలో, సీనాయి పర్వతము నెదుట, నిబంధనకుఁ బూర్వము పలుకఁబడినది మొదటి వాక్యము. ఇందు ఉపమావాచకము లేదు. దేవుఁడు పక్షి యనియుఁ, బ్రజలు పిల్లలనియుఁ జెప్పఁబడలేదు. ఉపమేయమును ఉపమానము మ్రింగివేయుటచే, భారతీయాలంకారికుల పరిభాషలో నిది రూపకాతిశయోక్తి. సముద్రతరణము, క్షుత్పిపాసలు, అరణ్యయాత్ర యన్నియు నొక్క యెగురుటలో నడఁగిపోయినవి. ఆ పయనమునకు గమ్యముగా నిందుఁ జెప్పఁబడినది దేశము కాదు, దేవుని సన్నిధియే.

రెండవ వాక్యమున ఉపమావాచకము స్పష్టముగాఁ గలదు. ఇది పూర్ణోపమ. గూటిని రేపుట, పిల్లలపై నల్లాడుట, ఱెక్కలు విప్పుట, పిల్లను గైకొనుట, మోయుట యని క్రియ లైదు వరుసగా వచ్చుచున్నవి. వీనిలో మొదటిదానిని ప్రాచీన గ్రీకు అనువాదకులు గూటిని గప్పి కాపాడుట యను నర్థమునఁ గొనిరి. అల్లాడుట యను క్రియ యీ రూపమున హెబ్రీ బైబిలునందు మఱియొక్క చోటనే కలదు: ఆదికాండము మొదటి అధ్యాయమున దేవుని యాత్మ జలములపై నల్లాడుచున్న సందర్భము. అచ్చట భూమి నిరాకారతను దెలిపిన ‘తోహు’ శబ్దమే, యీ గీతమునఁ బై వచనమందు మరుభూమికి వాడఁబడినది. ఈ రెండు పదములును యాదృచ్ఛికముగాఁ గలిసినవని తలంచుట కష్టము. మొదటి వాక్యము విమోచనమును జెప్పఁగా, రెండవది యా విమోచనమును రెండవ సృష్టిగాఁ జూపుచున్నది.

మూలమున రెండు చోటుల నున్న పక్షి పేరు ‘నెషెర్’ ఒక్కటియే. ప్రచారమందున్న తెలుఁగు బైబిలున మొదటి చోట ‘గద్ద’ యనియు, రెండవచోటఁ ‘బక్షిరాజు’ అనియుఁ గలదు. మీకా ప్రవక్త యీ పక్షికి బోడితల చెప్పుటచే నిది రాబందు జాతిదని పండితులు పలువురి మతము. లేవీయకాండమునఁ దినరాని పక్షుల పట్టికలో మొదటి పేరు దీనిదే. తెలుఁగువారికి గద్ద యనఁగాఁ గోడిపిల్లను దన్నుకొనిపోవునది, పక్షిరాజనఁగా గరుత్మంతుఁడు. ఆదిపర్వమున గరుడుఁ డమృతము దెచ్చి తల్లి దాస్యమును బాపెను గావున దాస్యవిమోచన మిందును గలదు. కాని యందు సుతుఁడు తల్లిని విడిపించెను. ఇందు మోయునది తల్లి, మోయఁబడునది సంతానము. అందు విహంగము ప్రభువునకు వాహనము. ఇందుఁ బ్రభువే వాహనము. కావున మొదటి పేరు భయమును, రెండవది వైభవమును దెచ్చుచున్నవి. వాత్సల్యమును రెండును దేవు.

ఆ వాత్సల్యము పక్షి పేరునందుఁ గాక ‘ఱెక్కలమీఁద’ నను మాటయందున్నది. యూదవ్యాఖ్యాత రాషి (1040–1105) దీనిని గుర్తించెను. ఇతర పక్షులు పైనుండి వచ్చు పక్షికి వెఱచి పిల్లలను గాళ్లనడుమఁ బట్టుకొనును; ఈ పక్షికి మనుష్యుని బాణమే భయము గావున, నది తనకే తగులుఁ గాక యని పిల్లలను ఱెక్కలపై నుంచుకొనునని యతని వివరణము. ఇట్టి మోఁతను బ్రకృతిశాస్త్రజ్ఞులు ధ్రువపఱుపలేదు. అయినను గావ్యార్థమునకు హాని లేదు. గోళ్లఁ బట్టిన పక్షి వేఁటకత్తె, వీఁపున మోసినది తల్లి. ఈ భేదమును దెలిపిన పిమ్మటనే ‘గద్ద’ యనినను ‘బక్షిరాజు’ అనినను విద్యార్థికిఁ గవి హృదయము తేటపడును.