ఆదరించే ఊరు – దొరకని వరుస: క్వీర్ ప్రణయకథల్లో చిన్న పట్టణం (కామారెడ్డి, ఎల్లారెడ్డి నేపథ్యంలో పరిశీలన)

వ్యాససంగ్రహం:
స్వలింగ ప్రేమికులను ఆదరించే చిన్న పట్టణం ఇటీవలి పాశ్చాత్య క్వీర్ ప్రణయకథల్లో స్థిరపడిన కల్పన. దాన్ని ప్రబంధాల్లోని పురవర్ణనతో పోల్చి, ఆ ఊరు తెలంగాణ పట్టణంగా మారాలంటే కథకు ఏది అవసరమో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: క్వీర్ సాహిత్యం, ప్రణయకథ, పురవర్ణన, వరుస, కామారెడ్డి, ఎల్లారెడ్డి.

1. అడవి నుంచి వీధికి:
ఇ.ఎం. ఫార్‌స్టర్ 'మారిస్' నవలను 1913-14లో రాశాడు. అది ఆయన మరణానంతరం 1971లో వెలువడింది. సుఖాంతం తప్పనిసరి అని రచయిత భావించాడు. కానీ నాటి ఇంగ్లండులో ఆ సుఖాంతానికి చోటు లేక, ప్రేమికులు సమాజాన్ని విడిచి అడవిని ఆశ్రయిస్తారు. శతాబ్దం తరువాత ఆ అడవి స్థానంలోకి చిన్న ఊరు వచ్చింది. 2015-2020 మధ్య ప్రసారమైన కెనడా ధారావాహిక 'షిట్స్ క్రీక్'లోని ఊళ్లో స్వలింగ ప్రేమపట్ల ద్వేషానికి తావుండదు. దాని సృష్టికర్తల్లో ఒకరైన డాన్ లెవీ బుద్ధిపూర్వకంగా చేసిన నిర్ణయమది.

భారతీయ భాషల అనుభవం వేరు. వసుధేంద్ర కన్నడ కథాసంపుటి 'మోహనస్వామి' (2013)లో చిన్న ఊరు అవమానాల జ్ఞాపకం. ఎ. రేవతి ఆత్మకథకు పి. సత్యవతి చేసిన అనువాదం 'ఒక హిజ్రా ఆత్మకథ' 2019 కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం పొందింది. వేదనకు సాక్ష్యం చెప్పే రచనను తెలుగు సాహిత్యలోకం గౌరవించింది. ప్రణయకథ కోరేది సానుభూతికి మించినది, ఊళ్లో చోటు.

2. ఆధునిక పురవర్ణన:
ఈ కల్పన తెలుగు పాఠకునికి పూర్తిగా కొత్తది కాదు. పెద్దన మనుచరిత్రలో ప్రవరుని కథ అరుణాస్పదపుర వర్ణనతో మొదలవుతుంది. ఉన్న ఊరిని ఉన్నట్టు చూపడం ప్రబంధకవి ఉద్దేశం కాదు. నాయకుడు నివసించదగిన లోకాన్ని అతడు నిర్మిస్తాడు. ఆదరించే ఊరు చేసేదీ అదే. అందుచేత 'ఇలాంటి ఊరు ఎక్కడుంది?' అన్న ఆక్షేపణ ఈ ప్రక్రియకు వర్తించదు.

వర్తించే ఆక్షేపణ వేరొకటుంది. పురవర్ణనలో నాలుగు వర్ణాలవారూ ఎవరి స్థానంలో వారు శ్రేష్ఠులే. ఆ క్రమానికి వెలుపల ఉన్నవారు కనిపించరు. ఆదరించే ఊరిని తెలంగాణకు తెచ్చే రచయిత కూడా కులాన్ని ఇలాగే దాటవేసే ప్రమాదం ఉంది. వయోజనుల పరస్పర అంగీకారంతో కూడిన స్వలింగ సంపర్కం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తీర్పిచ్చింది. ఎనిమిది రోజులకే, సెప్టెంబర్ 14న, మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుడు హత్యకు గురయ్యాడు. ఆ ప్రేమ స్త్రీపురుషుల మధ్యది, చట్టసమ్మతమైనది. అయినా కులం దాన్ని సహించలేదు. కులం ఊసెత్తని ఆదరణ ఇక్కడ నమ్మదగిన కల్పన కూడా కాజాలదు.

3. దోస్తు, వరుస:
కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతం గల్ఫ్ వలసలకు, బీడీ పనికి పేరుపడ్డది. భర్తలు దుబాయిలో ఉండగా ఇద్దరు స్త్రీలు కలిసి ఇల్లు నడపడం, ఇద్దరు యువకులు ఒకే కిరాయి గదిలో ఉండడం ఇక్కడ వింత కాదు. 'దోస్తులు' అన్న మాట ప్రేమకు నీడనిస్తుంది, అదే సమయంలో దాన్ని కప్పేస్తుంది. ఈ మౌనాన్ని ఆదరణగా పొరబడరాదు. ఒకరికి పెళ్లి కుదిరిన నాడు రెండో దోస్తు గది ఖాళీ చేయవలసిందే.

ఇక్కడ మనిషిని ఊరిలో కలుపుకొనేది వరుస. పరిచయం లేనివారిని సైతం అన్న, అక్క, బాపు అని పిలిచే సమాజమిది. కనుక ఆదరించే ఊరి కథకు అసలు పరీక్ష ఒకటే: కొడుకు ప్రేమించిన యువకుణ్ణి తల్లి ఏమని పిలుస్తుంది? 'కొడుకా' అంటే ఇద్దరూ అన్నదమ్ములై ప్రణయం చెరిగిపోతుంది. 'అల్లుడా' అంటే కన్నకొడుకు కూతురి స్థానంలోకి వెళతాడు. అతని అక్కచెల్లెళ్ల నోట 'బావ' అన్న పిలుపు వస్తే, మేనరికపు చనువు, పరిహాసం ఉన్న ఆ మాటలో కొంత అవకాశం కనిపిస్తుంది. ఏ పిలుపూ పూర్తిగా సరిపోకపోవడమే రచయితకు దొరికే అసలైన కథావస్తువు.

4. చట్టం ఆగిన చోట:
నిజాం రాజ్యంలో 1329 ఫస్లీ (1919) నాటి చట్టం ప్రకారం, రిజిస్టరులో పేరున్న హిజ్రా స్త్రీవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగవిరుద్ధమని 2023 జూలైలో కొట్టివేసింది. అదే ఏడాది అక్టోబర్ 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి చట్టబద్ధత కల్పించడానికి నిరాకరించింది. వీధిలో నడిచే హక్కు దక్కింది, ఇంట్లో బంధుత్వం దక్కలేదు.

ముగింపు:
ఈ ఖాళీలోనే ప్రణయకథకు పని ఉంది. ద్వేషం లేని ఊరిని ఊహించడం తొలి మెట్టు మాత్రమే. కులాన్ని దాచకుండా, మౌనాన్ని ఆదరణగా చూపకుండా, ఆ ఇద్దరికీ ఒక వరుస వెతికే కథ వచ్చినప్పుడే కామారెడ్డి బజారు, ఎల్లారెడ్డి బస్టాండు తెలుగు క్వీర్ ప్రణయానికి నిజమైన పురవర్ణన కాగలవు.